చొక్కా మీద చిరునామా

మా ఇంట్లో పాత గుడ్డపేలికలకు రెండే గతులు. మెత్తనివైతే అద్దాలు తుడవడానికి, ముతకవైతే స్కూటరు తుడవడానికి. ఈ విషయంలో మా ఆవిడ తీర్పుకు అప్పీలు లేదు. కిందటి దీపావళికి ముందు అటక మీది మా మేనత్త సందూకను దింపి దులుపుతూ వుంటే, అందులోనుంచి జానెడు గుడ్డముక్క ఒకటి జారిపడింది. ఆవిడ దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, "ముతకే" అంటూ స్కూటరు ఖాతాలో వేయబోయింది.

అదృష్టవశాత్తు కళ్లద్దాలు నా ముక్కు మీదనే వున్నాయి. "ఆగాగు, దాని మీద ఏవో అక్షరాలున్నాయి" అన్నాను.

నీలిదారంతో కుట్టిన అక్షరాలు. మూడు వరసలు. మొదటి వరసలో మా బావ పేరు. రెండో వరసలో మా తాత పేరు. మూడో వరసలో "పెద్దపల్లి టేషన్". ఒక్కొక్క అక్షరం చిక్కుడుగింజంత లావున వుంది. "పెద్దపల్లి"లోని దకారం మాత్రం ఎటు తిరగాలో తెలియక ఎదురు తిరిగి కూర్చున్నది. నాలుగు మూలలా తెగిన దారపు కొసలు వేలాడుతున్నాయి. అంటే ఒకప్పుడు దాన్ని దేనికో కుట్టి, తరువాత చిరగకుండా జాగ్రత్తగా విప్పి దాచారన్నమాట.

ముప్ఫై నాలుగేళ్లు బడిపిల్లలకు చరిత్ర చెప్పినవాణ్ణి. తేదీ లేని కాగితాన్నయినా నాలుగుసార్లు తిప్పిచూసి ఏ కాలానిదో చెప్పగలనని నాకు కాస్త గర్వం. ఈ గుడ్డముక్క ఏ సంవత్సరానిదో తెలుసుకోవడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. దాని కథ మొత్తం తెలుసుకోవడానికి మరునాటి ఉదయం దాకా పట్టింది. ఆ ఉదయం నాకు టిఫిను సహించలేదు. ఎందుకో చెప్పాలంటే 1942 దాకా వెనక్కు వెళ్లాలి.

మా మేనత్తది మేనరికం. మా తాత నిజాం స్టేటు రైల్వేలో పాయింట్స్‌మన్. పెద్దపల్లి స్టేషను పక్కనే రెండు గదుల క్వార్టరు. పెద్దపల్లికి 2016లో జిల్లాహోదా వచ్చింది గాని, అప్పుడది కరీంనగరం జిల్లాలో ఒక ఊరు. కాజీపేట నుంచి బల్లార్షా దాకా లైను పూర్తయి మద్రాసు - ఢిల్లీ బండ్లు ఈ దారిన నడవడం మొదలైన తరువాత, గోదావరికి ఇవతల కరీంనగరం జిల్లా, అవతల ఆదిలాబాదు జిల్లా ఒక్కసారిగా లోకానికి దగ్గరైనాయి. మా తాత అక్కకొడుకు ఆ పట్టాల వెంబడే పని వెతుక్కుంటూ వెళ్లి విశాఖపట్నంలో తేలాడు. అక్కడ 1933లో కొత్త రేవు తెరిచారు. ఓడల్లోకి ఎక్కే బస్తాలు, ఓడల నుంచి దిగే పెట్టెలు లెక్కరాసే టాలీ గుమాస్తా కొలువు దొరికింది. ముందు తల్లిని తీసుకుపోయాడు. తరువాత మా మేనత్తను పెళ్లాడి తీసుకుపోయాడు. కాబట్టి మా మేనత్తకు అత్తగారు పరాయిమనిషి కాదు. సొంత మేనత్తే, మా తాతకు తోడబుట్టిన అక్క. ఆమెను మేమంతా పెద్దవ్వ అనేవాళ్లం.

1942 నాటికి ఆ ఇంట్లో వున్న జనాభా ఇది: మామ, అత్తమ్మ, పెద్దవ్వ, ఐదేళ్ల మా బావ, ఏడాదిన్నర మా వదిన, పెరట్లో ఒక బర్రె. బర్రెను జనాభాలో ఎందుకు లెక్కవేశానో ముందు ముందు తెలుస్తుంది.

యుద్ధమంటే మొదట్లో అందరికీ అంగట్లో పెరిగిన ధర, దొరకని కిరసనాయిలు. అది ఇంటి గుమ్మం వైపు నడవడం మొదలుపెట్టింది 1941 డిసెంబరులో. డిసెంబరు 8 నాడు మలయాలోని కోటబారు తీరాన జపానుసేన దిగినప్పుడు, అక్కడి విమానాశ్రయానికి కాపలా వున్నది ఎవరనుకున్నారు? మన హైదరాబాదు సంస్థానపు పటాలమే, ఒకటో హైదరాబాదు ఇన్‌ఫంట్రీ. ఆ గందరగోళంలో దాని కమాండరు ప్రాణం కోల్పోయాడు. తరువాత అంతా గబగబ జరిగింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయింది. మార్చి 8న రంగూను చేజారింది. మార్చి 23న జపానువాళ్లు అండమాను దీవుల్లో దిగారు. బర్మాలో కూలినాలి చేసుకుంటున్న మన తెలుగువాళ్లు వేలమంది చేతికందింది పట్టుకొని తిరుగుముఖం పట్టారు. ఇల్లు చేరినవాళ్లు చెప్పే మాటలు విని తీరమంతా నిద్ర మానుకున్నది.

ఏప్రిల్ 6, సోమవారం. ఒజావా అనే వైస్ అడ్మిరల్ నడిపించిన జపాను నౌకాదళం అప్పటికి బంగాళాఖాతంలో తిరుగుతూ సరకు ఓడలను ముంచుతున్నది. ఆ కొద్దిరోజుల్లో ఇరవైకి పైగా ఓడలు మునిగాయి. ఆ దళంలోని ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు ఆనాడు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. భారతదేశపు ప్రధానభూమి మీద జపాను వేసిన తొలి బాంబులు మన తెలుగుతీరం మీదనే పడ్డాయి. వాటిలో ఒకదాని గుల్లను విశాఖ మ్యూజియంలో నేను కళ్లారా చూశాను.

మరి తీరాన్ని కాపాడవలసినవాళ్లో? ఆ ఏప్రిల్ నెలలోనే దేశరక్షణ ఏర్పాట్లన్నీ తిరగరాశారు. దక్షిణాది కమాండు పేరు మార్చి సదరన్ ఆర్మీ అన్నారు. 1941 అక్టోబరులో మన సికిందరాబాదులో పుట్టిన 19వ ఇండియన్ డివిజను దాని దళాల్లో ఒకటైంది. ఆ డివిజను 1944 దాకా దక్షిణాదినే వుండి, తరువాత బర్మా వెళ్లి 1945 మార్చిలో మాండలే పట్టుకున్నది. మంచి పేరే సంపాదించుకున్నది. కాని 1942 ఏప్రిల్‌లో తీరం వందల మైళ్లు, బలగం గుప్పెడు, చాలినన్ని విమానాలు లేవు. సర్కారు చేయగలిగింది కూడా తరలిపోవడమే. మద్రాసు హైకోర్టు కోయంబత్తూరుకు కదిలింది. వాల్తేరు నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు కదిలింది. హైకోర్టుకే కాళ్లు వచ్చినప్పుడు టాలీ గుమాస్తా పెళ్లాం మాత్రం ఆగుతుందా?

మామ కదలడానికి వీల్లేదు. రేవు పని యుద్ధపు పని. కనుక పెద్దవ్వ, అత్తమ్మ, పిల్లలు పెద్దపల్లికి పోవాలని నిర్ణయమైంది. పెద్దవ్వ వినలేదు. ఆ సంభాషణ అత్తమ్మ ఎప్పుడు చెప్పినా గొంతుమార్చి నటించి మరీ చెప్పేది.

"నువ్వు పో బిడ్డా. పిల్లలను తీసుకొని మీ బాపు దగ్గరికి పో. నేను రాను. బర్రె ఈని ఇరవై దినాలు కాలే. దాన్నెవరు పిండుతరు?"

"బాంబులు పడుతున్నయి అత్తమ్మా!"

"బాంబుకు నేనెక్కడుంటనో తెలుసా? బర్రెకు తెలుసు."

ఈ వాదానికి జవాబు మిత్రరాజ్యాల సేనాధిపతుల దగ్గర కూడా వుండదు. అత్తమ్మ సందూక నెత్తిన పెట్టించి, చంకన వదినను, చేత బావను పట్టుకొని వాల్తేరులో బండి ఎక్కింది. బెజవాడలో ఒక మార్పు, కాజీపేటలో ఒక మార్పు. రెండు రాత్రులు, రెండు పగళ్లు. పెద్దపల్లిలో దిగేసరికి మా తాత చేతిలో పచ్చదీపం పట్టుకొని బండికి దారి చూపుతున్నాడట. కూతురిని చూసి దీపం దించడం మరిచిపోయాడట.

పెద్దపల్లిలో కొత్త చిక్కు. రాత్రిళ్లు బొగ్గుబండ్లు బెల్లంపల్లి వైపునుంచి వచ్చేవి. సిపాయిల స్పెషల్ బండ్లు వేళాపాళా లేకుండా పోయేవి. ఇంజను కూత వినిపిస్తే చాలు, మా బావ సైరనుకొని మంచం కింద దూరేవాడు. తాత వారంరోజులు చూసి, ఒక రాత్రి వాణ్ణి భుజం మీద కూర్చోబెట్టుకొని ఇంజను దగ్గరికే తీసుకుపోయాడు. డ్రైవరును బతిమాలి పిల్లవాడి చేతనే కూత వేయించాడు. ఆనాటినుంచి మంచం కింద దూరడం మానేశాడు. తన చేత్తో వేసిన కూతకు ఎవడు భయపడతాడు?

వారానికొక కార్డు మామ రాసేవాడు. చివరి వాక్యం ఎప్పుడూ పెద్దవ్వదే. "బర్రె రెండు పూటలా ఇస్తున్నది." ఇంతే. అత్తమ్మ ఆ వాక్యం కోసమే కార్డు అందుకునేది. బర్రె పాలిస్తున్నదంటే పాక నిలిచి వున్నది. పాక నిలిచి వుంటే ఇల్లు నిలిచి వున్నది. ఇల్లు నిలిచి వుంటే మనుషులున్నారు. ఆ రోజుల్లో పత్రికల్లో వచ్చే యుద్ధప్రకటనల్లో ఇంత నికరమైనది ఒక్కటీ లేదనేది అత్తమ్మ.

వానలు వెలిసిన తరువాత ఆమె పిల్లలతో తిరిగి విశాఖ చేరింది. ఇల్లుంది, మామ వున్నాడు, పెద్దవ్వ వుంది. దూడ ఎదిగింది. పోయినవి ఏమీ లేవు.

ఇదుగో, ఈ "పోయినవి ఏమీ లేవు" అన్నదే నా కొంప ముంచింది.

1975 ఎండాకాలం. నేను కొత్తగా ఉద్యోగంలో చేరి మూడేళ్లు. చరిత్ర పుస్తకాలు నాలుగు చదివిన వేడి మీద వున్నాను. అత్తమ్మ అలవాటు ప్రకారం వేసవికి పుట్టింటికి వచ్చింది. రాత్రి వాకిట్లో నులకమంచాలు వేసుకొని ఇంటిల్లిపాదీ చేరాం. పిల్లలు "బాంబుల కత" చెప్పమన్నారు. ఆమె మొదలుపెట్టింది. బర్రె ముచ్చట అయింది, అందరూ నవ్వారు. వాల్తేరు స్టేషను రద్దీ అయింది. "ఇగ బెజవాడల దిగినమా..." అన్నది.

నా జ్ఞానం ఆగలేదు. "అత్తమ్మా, అసలు సంగతి చెప్పనా? విశాఖల పడ్డయి కొద్ది బాంబులే. జపానోళ్లకు మన తీరంల దిగే ఆలోచనే లేదు. ఓడలను ముంచి, నాలుగు బాంబులేసి మర్లిపోయినరు. ఆ నౌక కూడ నాలుగు నెలలకే, ఆగస్టు 24 నాడు పసిఫిక్ సముద్రంల మునిగింది. మీరంత ఒట్టి నీడను చూసి ఉరికినరు" అన్నాను.

పెద్దగా నవ్వులు. మా బాపు కూడా నవ్వాడు. అత్తమ్మ కూడా నవ్వింది. "అట్లనా కొడుకా? సదువుకున్నోనివి, నీకు తెలుస్తది" అని, పక్కన వున్న విసనకర్ర తీసుకొని పిల్లలకు విసరడం మొదలుపెట్టింది. "తరువాత ఏమైందవ్వా?" అని ఒక పిల్ల అడిగింది. "ఏమైతది, వచ్చినం" అన్నది.

ఆ తరువాత పందొమ్మిదేళ్లు బతికింది. ప్రతి వేసవికీ వచ్చింది. సందూక తాళంచెవి నడుముకు వుండేది. పిల్లలు ఎంత అడిగినా ఆ కథ మళ్లీ మా వాకిట్లో చెప్పలేదు. వయసు మీదపడి మరిచిపోయిందనుకున్నాను. నేను చెప్పిన తేదీలన్నీ సరైనవే. ఈనాటికీ వాటిలో ఒక్కటీ తప్పని నిరూపించలేరు. అదే నా దురదృష్టం.

పింఛను పుచ్చుకోవడం మొదలైన తరువాత తీరిగ్గా చదవడం అలవాటైంది. ఆ నీడకు అవతలివైపున వున్నవాళ్ల సంగతి అప్పుడు చదివాను. బాంబులు వేసినవాళ్లకూ ఇళ్లుంటాయి గదా. వాటిని కాపాడటానికి జపాను 1941 జూలైలో ఒక దేశరక్షణ కమాండును ఏర్పరచింది. దేశాన్ని ఉత్తరం, తూర్పు, మధ్య, పశ్చిమం అని నాలుగు సైనిక మండలాలు చేసి, నాలుగింటి రక్షణనూ దాని చేతిలో పెట్టింది. ఆ డిసెంబరు నుంచి దానికి అధిపతి హిగాషికుని అనే రాజవంశీకుడు. పదవి పెద్దదే గాని పటాలం చిన్నది. అసలు సైన్యమంతా చైనాలోనూ, దక్షిణ సముద్రాల్లోనూ వుంది. ఇంటికి కాపలాగా మిగిలినవి కొద్ది విమానాలు, కొద్ది ఫిరంగులు. దేశాలు జయించేవాడి ఇల్లు భద్రంగానే వుంటుందని వాళ్ల ధీమా.

విశాఖ మీద బాంబులు పడిన పన్నెండో రోజున, ఏప్రిల్ 18న, అమెరికా విమానాలు పదహారు సముద్రం మీద నుంచి వచ్చి టోక్యో మీద, మరికొన్ని పట్టణాల మీద బాంబులు వేసి పోయాయి. కమాండు ఒక్కదాన్ని కూడా పడగొట్టలేకపోయింది. చనిపోయినవాళ్లు సుమారు యాభైమంది. వాళ్లలో ఒకడు బడిపిల్లవాడు. నాలాంటి పంతులు అక్కడ వుంటే "కొద్ది బాంబులే" అనేవాడు కాబోలు.

నన్ను నిలబెట్టి చెంప మీద కొట్టినట్టయింది ఎక్కడంటే, వాళ్ల చట్టం దగ్గర. బాంబు దాడులప్పుడు జనం ఊరు విడిచిపోకుండా నిషేధించే అధికారం సర్కారుకు ఇస్తూ, ఇంట్లో పడ్డ నిప్పును ఆ ఇంటివాళ్లే ఆర్పాలనే బాధ్యత పెడుతూ, 1941లోనే గాలిదాడుల చట్టాన్ని దిద్దుకున్నారు. పది ఇళ్లకు ఒక జట్టు. ఆడవాళ్లు వరసగా నిలబడి చేతినుంచి చేతికి నీళ్ల బకెట్లు అందించడం నేర్చుకున్నారు. తడిపిన చాపలు, ఇసుక సంచులు గుమ్మాల్లో పెట్టుకున్నారు. పారిపోయేవాళ్లు దేశద్రోహులని లెక్క. అంటే మా అత్తమ్మ టోక్యోలో పుట్టివుంటే, సందూక నెత్తిన పెట్టుకొని స్టేషనుకు వెళ్లడానికి లేదు. చంకన పిల్లతో బకెట్టు పట్టుకొని వాకిట్లో నిలబడాలి.

1945 మార్చి 10, తెల్లవారుజామున టోక్యో మీద అగ్గి వాన కురిసింది. బకెట్లు ఏమి చేస్తాయి? ఒక్క రాత్రిలో లక్షమంది వరకు చనిపోయారు. చాలామంది ఉరకవలసిన క్షణం దాటిపోయే దాకా, చెప్పిన చోటనే నిలబడి నిప్పు ఆర్పుతూ వుండిపోయారట.

ఆ ఏప్రిల్‌లో దేశరక్షణ కమాండును తీసివేసి, దాని స్థానంలో రెండు పెద్ద సేనలు పెట్టారు. ఒకటోది టోక్యోలో, సుగియామా కింద. రెండోది పశ్చిమ జపాను రక్షణకు, హాతా అనే ఫీల్డుమార్షల్ కింద. జూన్‌లో ఇంకొక చట్టం వచ్చింది. 15 నుంచి 60 ఏళ్ల మగవాళ్లు, 17 నుంచి 40 ఏళ్ల ఆడవాళ్లు పౌరసేనలో చేరాలి. ఆయుధాలు లేవు కనుక వెదురు బల్లేలతో సాము నేర్పారు. ఇంతకూ ఆ రెండో సేనకు కేంద్రంగా ఎంచుకున్న నగరమేదో తెలుసా? హిరోషిమా.

ఆగస్టు 6న ఏమి జరిగిందో బడిపిల్లలకు కూడా తెలుసు. ఫీల్డుమార్షల్ బతికి బయటపడ్డాడు. ఆ ఉదయం నగరం మధ్యలో, మంటలు వ్యాపించకుండా ఖాళీజాగా చేయడానికి ఇళ్లు కూల్చే పనిలో పెట్టిన బడిపిల్లలు వేలమంది మాత్రం బతకలేదు. యుద్ధకాలంలో అక్కడ పెద్దలు, పిల్లలు అందరూ చొక్కా ఎదమీద ఒక గుడ్డముక్క కుట్టుకొని తిరిగేవారు. దాని మీద పేరు, చిరునామా, నెత్తురు రకం. చాలామంది తల్లులకు తమ బిడ్డలను గుర్తుపట్టడానికి మిగిలింది ఆ గుడ్డముక్కే. అటువంటి చొక్కాలను అక్కడి మ్యూజియంలో ఈనాటికీ దాచి వుంచారు.

ఇదంతా నేను చదివి కొన్నేళ్లయింది. చదివి, జాలిపడి, పుస్తకం మూసి బీరువాలో పెట్టాను. కిందటి దీపావళికి ముందు, నీలిదారపు గుడ్డముక్క నా చేతికి వచ్చేదాకా, ఆ పుస్తకానికీ మా సందూకకూ సంబంధం వుందని నాకు తోచలేదు.

మరునాడు పొద్దున్నే విశాఖకు ఫోను చేశాను. మా బావకు తొంభై దగ్గరపడింది. చెవి కొంచెం మందం, నవ్వు మాత్రం గట్టిది. గుడ్డముక్క సంగతి చెప్పాను.

"ఉందా అది! అమ్మ ఎక్కడ దాచిందోనని ఎన్నేళ్లు వెతికానో. అదేరా, బెజవాడ గుడ్డ" అన్నాడు.

"బెజవాడ గుడ్డేంటి బావా?"

"ఏట్రా, బెజవాడ ముచ్చట నీకు తెలీదా? అది లేకుండా అమ్మ ఆ కథ ఎప్పుడూ ముగించదే!"

నేను మాట్లాడలేదు. "ఇగ బెజవాడల దిగినమా..." అన్న గొంతు చెవిలో వినిపించింది. బావ చెప్పుకుపోయాడు.

ప్రయాణానికి ముందురాత్రి. ఊళ్లో దీపాలు పెట్టకూడదు. లాంతరుకు నల్లగుడ్డ చుట్టి, పెద్దవ్వ తన పాత చీర కొంగు చించింది. మామ దాని మీద బొగ్గుతో అక్షరాలు రాశాడు. పెద్దవ్వకు అక్షరం ముక్క రాదు. "ముగ్గేసినట్టే గదా" అని, బొగ్గు గీత వెంబడి సూది నడిపించింది. మధ్యలో ఒకచోట బొగ్గు చెరిగిపోతే తనకు తోచినట్టు తిప్పింది. "ఇదంతా ఎందుకే?" అని కొడుకు అడిగితే, "పోరడు తప్పిపోతే, వీడెవరి పిల్లగాడని అడుగుతరు. అడిగెటోనికి జవాబుండాలె గదా" అన్నదట. తెల్లవారేసరికి చొక్కా ఎదమీద కుట్టేసింది.

బెజవాడలో బండి మారేటప్పుడు జనం ఏటిలా కదులుతున్నారు. అత్తమ్మ చంకలో వదిన గుక్కపట్టింది. ఒక్క క్షణం బావ చెయ్యి వదిలి పిల్లను ఈ చంకనుంచి ఆ చంకకు మార్చుకున్నది. తిరిగి చెయ్యి చాపేసరికి బావ లేడు.

ఐదేళ్ల పిల్లవాడు ఆ కాళ్ల మధ్య ఎంత దూరం కొట్టుకుపోయాడో వాడికే తెలియదు. పేరు అడిగితే నోరు పెగలలేదు. చివరికి ఒక పోర్టరు ఎత్తుకొని, చొక్కా మీది గుడ్డ చూసి, తనకు చదవడం రాక, టీ అమ్మే అతని దగ్గరికి తీసుకుపోయాడు. అతను కూడబలుక్కుంటూ, తిరగబడ్డ అక్షరం దగ్గర కాసేపు తడుముకొని, "పెద్దపల్లి... అంటే నైజాం లైను. కాజీపేట బండి దగ్గర చూడు" అన్నాడు. పోర్టరు పట్టాలు దాటి పరుగెత్తాడు. కాజీపేట బండి గార్డు పచ్చజెండా విప్పుతున్నాడు. అత్తమ్మ బండి ఎక్కకుండా ప్లాటుఫారం మీద సందూక పక్కన కూలబడి, వచ్చిపోయేవాళ్ల కాళ్లు పట్టుకుంటున్నది.

"ఆ టీ అతను ఇంకొక మాట అన్నాడురా," అన్నాడు బావ. "పొద్దుటినుంచి ఇలా తప్పిపోయిన పిల్లలు వీడితో ముగ్గురు, చిరునామా వున్నవాడు వీడొక్కడే అని. ఆ మాట చెప్పేటప్పుడు అమ్మ ప్రతిసారీ ఏడ్చేది. ఆ మిగతా ఇద్దరూ ఏమయ్యారో అని."

ఫోను పెట్టేశాను. ఇడ్లీ చల్లారిపోయింది.

"పోయినవి ఏమీ లేవు" అని నేను లెక్క తేల్చిన ప్రయాణంలో, ఒక బిడ్డ పోయి దొరికాడు. ఇద్దరు బిడ్డలు దొరికారో లేదో తెలియదు. ఆమె ఆ రాత్రి మా వాకిట్లో ఆ ముచ్చట దాకా వచ్చింది. ఇంకొక్క వాక్యం చెబితే అందులోకి అడుగుపెట్టేది. సరిగ్గా అక్కడ నేను అడ్డుపడి, అది నీడ అని చెప్పాను. ఆమె నాతో వాదించలేదు. వాదించడానికి ఆమె దగ్గర తేదీలు లేవు. గుడ్డముక్క వుంది. దాన్ని సందూక అడుగున పెట్టి తాళం వేసుకున్నది.

సేనాధిపతుల పుస్తకాలు చదివేటప్పుడు మనం దాడి ఎంత పెద్దదో చూసి భయం ఎంత వుండవలసిందో నిర్ణయిస్తాం. ఇంట్లోవాళ్లకు ఆ వీలు లేదు. పడబోయే బాంబులు నాలుగో, నలభై వేలో ముందుగా వాళ్లకెవరూ చెప్పరు. విశాఖలో నాలుగుతో ఆగింది, టోక్యోలో ఆగలేదు. ఉరికినవాళ్లు పిరికివాళ్లనీ, నిలబడినవాళ్లు వీరులనీ తేల్చడానికి ఎవరికైనా ఏమి హక్కుంది? మా ఇంట్లోనే ఒకరు ఉరికారు, ఒకరు నిలబడ్డారు. ఒకరిది బిడ్డల కోసం, ఒకరిది బర్రె కోసం. ఇద్దరూ తమ గడప తాము కాపాడారు. ఆ ఏప్రిల్‌లో మా కుటుంబానికి నిజంగా పనికి వచ్చిన రక్షణ ఏర్పాటు ఒక్కటే. దాన్ని నల్లగుడ్డ చుట్టిన లాంతరు కింద, అక్షరం రాని ముసలామె ఒకతె కుట్టింది.

అత్తమ్మకు ఈ మాట చెప్పాలని వుంది. ఆమె పోయి మూడు దశాబ్దాలు దాటింది. కనుక మొన్న పండుగకు పిల్లలందరూ చేరినప్పుడు, వాకిట్లో కుర్చీ వేసుకొని నేనే ఆ కథ చెప్పాను. బెజవాడ దగ్గర ఆపకుండా చివరిదాకా చెప్పాను. మా మనమడు మధ్యలో లేచి, "తాతా, అసలు ఎన్ని బాంబులు పడ్డాయి?" అని అడిగాడు.

"తరువాత చెబుతాను. ముందు ఆ పిల్లవాడు దొరకనీ" అన్నాను.

గుడ్డముక్కను మా ఆవిడ చల్లనీళ్లలో జాడించి, నీడలో ఆరబెట్టి, తన పట్టుచీర మడతలో పెట్టి సందూకలో దాచింది. ఎదురు తిరిగిన దకారాన్ని మాత్రం వేలితో ఒకసారి నిమిరింది. స్కూటరు తుడవడానికి నా పాత పంచె ఒకటి చించింది. ఆ తీర్పుకు కూడా అప్పీలు లేదు.